ముఖశాలలో దాయాది

గండశిల కొలువులో వంశాలు పాడి బతికిన భట్టులారా, ఈ అధ్యాయంలో జరిగే ప్రతి ఘోరానికీ మీరే జవాబుదారులు. తల పక్కకి తిప్పుకోకండి. ఎవడి తాత ఎవడో మీకు తెలుసు. తెలిసి కూడా మింగేశారు. పట్టుపంచె ఇచ్చినవాడికి సూర్యుణ్ణి తాతగా అంటగట్టారు. చేతికి కడియం తొడిగినవాడికి చంద్రుణ్ణి ఇచ్చారు. ఏమీ పెట్టలేనివాడికి అసలు తాతే లేకుండా చేశారు. మీ పాట విని పెరిగిన ఒక యువరాజు పక్కవాణ్ణి చూసి కుళ్ళి కుళ్ళి, వాడి పుట్టుక తవ్వబోయి తన పుట్టుక తవ్వుకున్నాడు. ఆ కథ ఇది. మీకు నచ్చకపోయినా వినాలి.

ఆ ఉదయం గండశిల కొలువుకూటం చూసినవాళ్ళకి కళ్ళు చెదిరాయి. పగడపు తీగలు చుట్టిన స్తంభాల మీద మరకతాల చిలకలు వాలి ఉన్నాయి. ముత్యాల జాలరుల్లోంచి జారిన వెలుగు స్ఫటికపు నేల మీద పడి మెరుస్తుంటే, అక్కడ తిరిగే నెమళ్ళు తమ నీడల్నే ముక్కుతో పొడుచుకుంటున్నాయి. పన్నీరు చల్లే పడుచులు, వింజామరలు వీచే పడుచులు, కస్తూరి పొగలు, వీణల మీద వేళ్ళు. అన్నిటికీ పైన, ఏనుగు దంతాల మెట్ల మీద, బంగారు రేకు తాపడం చేసిన సింహాసనం. సరే, వర్ణన చాలు. ఇంత సొగసులో లెక్కలోకి వచ్చేది ఆ సింహాసనం ఒక్కటే. దాని మీద కూచున్న సోమభూపతి ముసలివాడయ్యాడు. సాయంత్రానికి అది ఎవరిదో తేలిపోవాలి.

తేల్చవలసిన మనిషి పగడదీవి రాజకుమారి తరళ. కిందటి యుద్ధంలో శత్రువుల ఓడలు నది ముఖాన్ని మూసేస్తే, ఆమె తండ్రి నౌకలు వచ్చి గండశిలను కాచాయి. అందుకు బదులుగా సోమభూపతి మాట ఇచ్చాడు. తరళ ఎవరి మెడలో దండ వేస్తే సింహాసనం వాళ్ళదే. ఆ మాట ఇచ్చినప్పుడు అందరి కళ్ళముందూ ఉన్నది ఒక్క మెడే. యువరాజు కీర్తిధరుడి మెడ.

కానీ యుద్ధంలో ఆ నౌకలకి దారి చూపింది యువరాజు కాదు. దండనాయకుడు మైలారి. మొన్నమొన్నటి దాకా కంకాళి నదిలో పుట్టి నడిపినవాడు. గుండ్రటి వెదురు బుట్టకి తోలు కప్పి, అందులో మనుషుల్నీ మేకల్నీ ఎక్కించి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించినవాడు. దండనాయకుడయ్యాక కూడా వీపున తెడ్డు కట్టుకునే తిరుగుతాడు. కొలువుకీ దానితోనే వచ్చాడు.

తరళ లేచి నిలబడింది. "మా దీవిలో మూలం చూపించకుండా ఎవర్నీ పెళ్ళిపీటల మీద కూచోబెట్టరు. మా మూలపురుషుడు ముత్యాల కోసం మునిగే కూలివాడు. చెవిటివాడు. అతని మొహం మా ఓడ ముక్కుకి చెక్కించాం. రేవులో ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఇక మీ మూలం చూపించండి."

అందుకోసమే పుట్టినట్టు వంశగాయకుడు కంఠీరవభట్టు ముందుకొచ్చాడు. వాడి గొంతులో మంత్రం ఉంది. వాడు పాడింది కళ్ళకి కనిపిస్తుంది. సూర్యుడు రథం దిగి గండశిల మీద అడుగు పెట్టాడని వాడు పాడగానే కొలువంతా మంట రంగుకి తిరిగింది. జనం కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. మంత్రులు సాష్టాంగపడ్డారు.

తరళ మాత్రం అలాగే నిలబడింది. "పాట బాగుంది. మొహం ఏది?"

"సూర్యుడికి మొహమేమిటి తల్లీ. వెలుగే మొహం."

"మరి యువరాజు ఎండలోకి వెళితే తాతగారు మనవణ్ణి మాడుస్తాడెందుకు? ముక్కు మీద తోలు ఊడిపోయింది చూడండి."

కొలువులో దగ్గులు వినిపించాయి. అవి దగ్గులు కావని కీర్తిధరుడికి తెలుసు. చెయ్యి ముక్కు మీదికి పోబోతే బలవంతాన ఆపుకున్నాడు.

తరళ మైలారి వైపు తిరిగింది. "నీ మూలం ఎవరు?"

"మా నాయన పుట్టి నడిపాడు. వాళ్ళ నాయనా పుట్టే. అంతకు ముందు ఎవరో తెలీదమ్మా. పాటగాళ్ళకి పెట్టడానికి మా ఇంట్లో బియ్యం మిగిలేవి కావు."

తరళ నవ్వింది. మర్యాదకి నవ్వే నవ్వు కాదది, పళ్ళు కనిపించేలా నవ్వింది. గండశిలలో అడుగు పెట్టిన దగ్గర్నుంచి కీర్తిధరుడు ఆ నవ్వు కోసం వీణ వాయించాడు, ఏనుగు మీద నిలబడ్డాడు, కవిత్వం చెప్పించాడు. రాలేదు. ఒక్క బియ్యం మాటకి వచ్చింది. అది చాలదన్నట్టు సోమభూపతి కూడా నవ్వి, పక్కనే ఉన్న మైలారి భుజం మీద చెయ్యి వేశాడు. తన భుజం మీద ఆ చెయ్యి ఎప్పుడు పడిందో గుర్తు చేసుకోబోయాడు కీర్తిధరుడు. గుర్తుకి రాలేదు.

"పొద్దుగుంకేలోగా మూలం చూపించినవాడికే దండ," అంది తరళ. "రేవులో మా ఓడ దగ్గర ఉంటాను."

కీర్తిధరుడి కళ్ళు మెరిశాయి. వాడికి తాత పేరు దాటితే ఏమీ లేదు. నాకు ఉంది. కొండలో ఉంది.

గండశిలలో ఒక ఆచారం ఉంది. రాజు చనిపోతే శవాన్ని లేపకముందే లక్కవాళ్ళు వచ్చి, మొహానికి నూనె రాసి, గోరువెచ్చటి లక్క పోసి అచ్చు తీస్తారు. ఆ లక్క మొహాన్ని నదికి అవతల కొండగుహలో వేలాడదీస్తారు. దాన్నే ముఖశాల అంటారు. రాజవంశం వాళ్ళు అక్కడికి పోకూడదు. తాత మొహం చూసిన మనవడికి ఆయుష్షు ఉండదని భట్టులు పుట్టించారు. అలా ఎన్ని తరాల మనవలు తాతల మొహాలు చూడకుండానే పోయారో. ఆ లక్క మొహాన్ని దాని రక్తం పంచుకున్నవాడు తొడుక్కుంటే లక్క మెత్తబడి మాట్లాడుతుందని లక్కవాళ్ళ పేటలో చెప్పుకుంటారు. గుహకి ఒక పక్క, నది మీది వంతెన దాటి వెళ్ళే మెట్లదారి ఉంది, దాన్ని భట్టులే కాస్తారు. రెండో పక్క నిలువు కొండ, దాని కింద నది.

మొదటి మొహం తెస్తాను. తరళ ముందు తొడుక్కుంటాను. నా నోటితో సూర్యుడి కొడుకే మాట్లాడతాడు. అప్పుడు ఆ పుట్టివాడు ఎలా నవ్విస్తాడో చూస్తాను. ఇంతకు మించి ఆలోచించలేదు కీర్తిధరుడు. హారాలు తీసి విసిరేశాడు. లక్కవాడి మాసిన పంచె కట్టి, ఒంటికి మసి పూసుకుని, వెచ్చటి లక్క కుండ భుజాన పెట్టుకుని, ఏనుగుశాల వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. చురకత్తి మాత్రం నడుముకి దోపుకున్నాడు.

కంకాళి నది ఆ వేళ కరిగిన ఇత్తడిలా పారుతోంది. సుడులు మెడలు తిప్పుకుంటూ తిరుగుతున్నాయి. రేవు చివర ఒక్క పుట్టి ఉంది. అందులో గొంగడి ముసుగేసుకుని ఒకడు కూచున్నాడు.

"ఎక్కు బావా. లక్క ఒలకనీకు, పుట్టి ఒళ్ళంతా అంటుకుపోద్ది. కోటలో ఎవరు పోయారేంటి?"

కీర్తిధరుడు గొంతు బొంగురు చేసుకుని, "ఎవరూ పోలేదు. పాత మొహాలు అతకాలి," అన్నాడు.

"మంచిది. మా మైలారి బాగున్నాడా? కోటంతా అతని మాటేనంట."

"పన్నీటి స్నానం చేయించినా చేపల కంపు పోలేదు వాడికి."

"అయ్యో. మరి రాజకుమారి ముక్కు మూసుకోలేదంట కదా."

"దీవి పిల్ల. చేపల మధ్య పుట్టింది. అలవాటైన వాసన."

"అదీ నిజమే. మరి రాజుగారో? ఆయన కూడా దీవిలోనే పుట్టాడా? భుజం మీద చెయ్యేశాడంట."

"నోరు మూసుకుని తెడ్డు వెయ్యి."

"వేస్తున్నా దొరా."

కీర్తిధరుడు ఉలిక్కిపడ్డాడు. "దొర అన్నావేం?"

"లక్కపనోడు పుట్టి ఎక్కితే బరువు చూసుకుని నడిమధ్యన కూచుంటాడు. తమరు అంచున కూచుని, కాలు చాపి, చెప్పులు విప్పేవాడి కోసం చూశారు." గొంగడి జారింది. మైలారి.

"మా నాన్న పంపాడా నిన్ను?"

"కొడుకు ఒంటరిగా బయల్దేరాడు, ఈత రాదు, వెనకాలే ఉండు అన్నారు."

ఈత రాదన్న సంగతి కూడా వీడికి చెప్పాడు. కీర్తిధరుడు పళ్ళు కొరికాడు. నీళ్ళలోకి తోసేద్దామనుకున్నాడు. తోస్తే పుట్టి ఎవరు నడుపుతారు? ఆ ఒక్క లెక్క వాణ్ణి ఆపింది.

అప్పుడే కోట బురుజు మీంచి ఒక గొంతు నీళ్ళ మీదుగా వచ్చింది. కంఠీరవభట్టు పసిగట్టేశాడు. వాడు పాడుతుంటే నది నిలువునా లేచింది. నీళ్ళే పడగలయ్యాయి. పడగల మధ్య నాలుకలు నురగ కక్కుతూ పుట్టి మీదికి వంగాయి. కీర్తిధరుడు వెనక్కి పడ్డాడు, పుట్టి ఒక పక్కకి ఒరిగి గిరగిరా తిరిగింది.

"పాము కాదు, పాట," అని అరిచాడు మైలారి. "మీరు భయపడి కదిలితేనే పుట్టి తిరుగుతోంది. కదలకండి." కుండలో చెయ్యి పెట్టి వెచ్చటి లక్క తీసి ముందు తన చెవుల్లో కూరుకున్నాడు, తర్వాత యువరాజు చెవుల్లో కుక్కాడు. పాట వినబడటం ఆగింది. పడగలు నురగై పడిపోయాయి. నది మామూలు నది అయింది.

ఊపిరి పీల్చుకునేలోగా అంచున ఇంకొక నోరు తెరుచుకుంది. పచ్చటి పళ్ళు, వెనక తోక. ఇది పాట కాదు, మొసలి. వెదురు అంచు పటపటా విరిగింది. మైలారి తెడ్డు తిప్పి దాని కంటి మీద వేసిన దెబ్బకి అది వెనక్కి జారింది. ఎంత బాగా కొట్టాడు, అనిపించింది కీర్తిధరుడికి. అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. చీలిన పుట్టి కొండకి కొట్టుకుని మునిగింది. మైలారి తెడ్డు మళ్ళీ వీపున దోపుకున్నాడు, ఇద్దరూ రాళ్ళ సందుల్లోంచి దిగిన చెట్టువేళ్ళు పట్టుకుని ఎగబాకారు.

గుహలోకి వచ్చాక చెవుల్లో లక్క పీక్కున్నారు. రాతి పైకప్పు చీలికల్లోంచి మధ్యాహ్నపు వెలుగు పలకలు పలకలుగా దిగుతోంది. రెండు గోడలకీ లక్క మొహాలు. ఎర్రటి బుగ్గలు, కాటుక కళ్ళు, మూసిన పెదాలు. గుమ్మం దగ్గరి మొహాలకి మణుల కిరీటాలు, చెవులకి రవ్వల పోగులు. కీర్తిధరుడు ఛాతీ విరుచుకుని నడిచాడు. "చూశావా. వీళ్ళంతా నావాళ్ళు."

"చూస్తున్నా దొరా. లోపలికి పోయేకొద్దీ బీదవాళ్ళయిపోతున్నారు."

నిజమే. లోపలికి పోయేకొద్దీ మణులు పోయి ఉత్త బంగారం మిగిలింది. బంగారం పోయి ఇత్తడి వచ్చింది. ఇత్తడి పోయి నెమలి ఈక వచ్చింది. చివరి మొహానికి తలపాగా గుడ్డ తప్ప ఏమీ లేదు. దాని పక్కన రాతి తలుపు. తలుపుకి గడియ లేదు, తాళం లేదు. మధ్యలో పొడుగాటి తొర్ర. పైన సన్నం, కింద వెడల్పు.

కీర్తిధరుడు చురకత్తి పెట్టి చూశాడు. గుద్ది చూశాడు. భుజంతో మోదాడు. మైలారి తల పక్కకి వంచి ఆ తొర్రని కాసేపు చూశాడు. వీపు మీంచి తెడ్డు తీసి అందులో పెట్టాడు. చేతికి తొడుగులా సరిపోయింది. తిప్పాడు. లోపల రాయి మీద రాయి జరిగిన చప్పుడు.

నా తాతల తలుపు వీడి తెడ్డుకి తెరుచుకోవడమేమిటి. కీర్తిధరుడు మైలారిని తోసుకుని ముందు లోపలికి దూరాడు.

లోపల ఒక్కటే మొహం. నల్లటి లక్క. ముక్కుకి రాతి పుడక. ఆడదాని మొహం. ఎండకి ముడతలు పడ్డ నుదురు, నవ్వబోయి ఆగినట్టున్న నోరు. ఆ వెడల్పాటి ముక్కు మైలారి ముక్కు. ఆ చీలిన గడ్డం కీర్తిధరుడి గడ్డం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"ఎవరీ అవ్వ?" అని మైలారి చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి తగలకూడదు. కీర్తిధరుడికి తెలిసింది అంతే. ఇది ఎవరో తెలీదు, తనకి కావాలో అక్కర్లేదో తెలీదు, వీడికి మాత్రం దక్కకూడదు. లాక్కుని మొహానికి తొడుక్కున్నాడు. లక్క ఒక్కసారి వేడెక్కింది. బుగ్గలకి పట్టింది. కనురెప్పల చుట్టూ పాకింది. తీయబోతే చర్మం లేచొచ్చేలా ఉంది. అప్పుడు అతని నోరు అతను అడక్కుండానే తెరుచుకుంది. లోపల్నుంచి ముసలి ఆడగొంతు వచ్చింది.

"పెద్దోడు ఏడి?"

తొడుక్కున్నది నేను. నన్ను కదా అడగాలి. అలా అందామనుకున్నాడు. నోరు తనది కాదు.

"పెద్దోడి ఇంటివాడివి నువ్వేనా? తెడ్డు తెచ్చావు. రా, కనపడేలా నిలబడు. నేను తిప్పమ్మని. వరదలో ఊళ్ళు కొట్టుకుపోతుంటే దొరికినవాళ్ళని దొరికినట్టు నా పుట్టిలో వేసుకుని ఈ కొండ మీద దింపాను. దిగినవాళ్ళు పొమ్మన్నా పోలేదు. నువ్వు చెప్పు, మేం చేస్తాం అన్నారు. చెప్పాను. నా రాజ్యం అంతే. నాకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు నీళ్ళు చూసుకున్నాడు, చిన్నోడు నేల చూసుకున్నాడు. నేను కూచునే పుట్టి పీట ఒక్కటే కాబట్టి, ఏ పని తేల్చాలన్నా పెద్దోడి ఇంటివాడు ముందు కూచుని చెప్పాలి, ఆ తర్వాతే చిన్నోడి ఇంటివాడు కూచోవాలి అన్నాను. చిన్నోడు ఉన్నన్నాళ్ళూ అలాగే సాగింది. వాడి కొడుకులకి పెద్దోడి ఇంటిని చూస్తే కళ్ళలో కారం పడేది. పుట్టి నడిపే ఆడదాని కడుపున పుట్టామని చెప్పుకోడం నామోషీ అయింది. పాటగాళ్ళని తెచ్చి మేపారు. నన్ను తలుపు వెనక పెట్టి సూర్యుణ్ణి తెచ్చి కూచోబెట్టారు. పెద్దోడి ఇంటివాళ్ళని రేవుకి తోలేశారు."

మైలారి గోడకి చేరగిలబడ్డాడు. "అంటే దొరా, మనం దాయాదులమా?"

దాయాది. ఆ మాట కీర్తిధరుడి ఒంట్లో కత్తిలా తిరిగింది. పరాయివాడైతే దానం పారేసి పంపొచ్చు, కోపమొస్తే వెళ్ళగొట్టొచ్చు. దాయాదికి హక్కు ఉంటుంది. అదీ పెద్ద ఇంటి హక్కు. నవ్వు తీసుకున్నాడు, నాన్న చెయ్యి తీసుకున్నాడు, తలుపు తీసుకున్నాడు. చివరికి నా మొహం మీద కూచున్న ముసల్ది కూడా వాణ్ణే అడుగుతోంది.

"దాన్ని తీసేయడానికి రెండే దారులు యువరాజా." మెట్లదారి వైపు నుంచి కంఠీరవభట్టు వచ్చాడు. వెనక దివిటీలు పట్టిన భటులు. "పెద్ద ఇంటివాడి చెయ్యి తగలాలి. లేదా పెద్ద ఇంటివాడి నెత్తురు చిందాలి. రెండోది చెయ్యండి. మొహం రాలిపోతుంది. రేపటి నుంచి మళ్ళీ సూర్యుణ్ణే పాడతాను. మీ ముత్తాతలు మమ్మల్ని మేపింది ఇందుకే కదా."

"సిగ్గు లేదా నీకు," అన్నాడు మైలారి.

"కొన్నవాళ్ళు సిగ్గుపడాలి. నేను అమ్మాను." అని వాడు పాట ఎత్తుకున్నాడు.

గుహలో కొలువుకూటం మొలిచింది. సింహాసనం మీద మైలారి. ఎడమ పక్కన తరళ, ఆ పళ్ళ నవ్వు నవ్వుతూ. సోమభూపతి మైలారి తల నిమిరి "నా కొడుకా" అంటున్నాడు. కింద, చెప్పులు విడిచే చోట, తనే నిలబడి ఉన్నాడు, చేతుల్లో మైలారి చెప్పులు. కీర్తిధరుడు చురకత్తి లాగి దూకాడు. "చిన్నోడా, వద్దు," అని అతని నోరే అరిచింది. చెయ్యి వినలేదు. కత్తి మైలారి భుజంలో దిగింది. నెత్తురు లక్క మొహం మీద చిందింది.

మొహం రాల్లేదు.

ఊరందరికీ అబద్ధం చెప్పేవాడు నీకు మాత్రం నిజం చెబుతాడని ఎలా నమ్మావు కీర్తిధరా? కంఠీరవభట్టు పాట ఆపి, ఒక భటుడి దివిటీ లాక్కుని దగ్గరున్న మొహాల మీదికి విసిరాడు. లక్క భగ్గుమంది. మంట గోడ వెంట పరిగెత్తింది. కిరీటాల రాజులు, ఇత్తడి రాజులు, ఈకల రాజులు అందరూ కరిగి ఎర్రటి చుక్కలుగా రాలారు. కళ్ళు జారాయి, మీసాలు జారాయి. మెట్లదారిని భటులు మూసేశారు. పొగ గొంతులో గుచ్చుకుంటోంది. ఇక మిగిలింది కొండ అంచు, కింద నది.

మైలారి నెత్తురోడే చేత్తోనే యువరాజు జుట్టు దొరకబుచ్చుకున్నాడు. "కాళ్ళు దగ్గరికి తీసుకో. నన్ను కౌగిలించుకోకు, ఇద్దరం మునుగుతాం."

కీర్తిధరుడు రానన్నట్టు ఆ చేతిని విదిలించబోయాడు.

"అడగలేదు," అని దూకేశాడు.

కంకాళి వాళ్ళని మింగింది, తిప్పింది, రాళ్ళకి కొట్టింది, మళ్ళీ కక్కింది. ఒంటి చేత్తో ఈదుతూ మైలారి యువరాజుని జుట్టు పట్టి లాక్కొచ్చాడు. రేవు దగ్గర పగడదీవి ఓడ, దాని ముక్కుకి చెక్కిన చెవిటి మునకగాడు. ఒడ్డున తరళ, సోమభూపతి, మంత్రులు, కోటలో సగం జనం. అవతల కొండ పొగ కక్కుతుంటే అందరూ అటే చూస్తున్నారు. పొద్దు ఇంకా నీళ్ళకి కాస్త ఎత్తులోనే ఉంది.

బురదలో పడగానే కీర్తిధరుడు లక్క మొహాన్ని పెళ్ళగించడం మొదలుపెట్టాడు. గోళ్ళు విరిగాయి. గుహలో మొహాలన్నీ కాలిపోయాయి. సాక్ష్యం ఇదొక్కటే. దీన్ని ఇప్పుడే ఊడదీసి నీళ్ళలో పారేస్తే ఎవరికీ ఏమీ తెలీదు. కొండ దిగి, వంతెన దాటి కంఠీరవభట్టు విలుకాళ్ళతో వస్తున్నాడు. నోటి మీద ముసల్దాని పట్టు సడలిన క్షణంలో కీర్తిధరుడు తన గొంతుతో మాట్లాడగలిగాడు. "తియ్యి. నీ చెయ్యి తగిలితే చాలన్నాడు. అదైనా నిజమేమో. తీసెయ్యి."

మైలారి భుజం నొక్కుకుంటూ కూచున్నాడు. "తీయను."

"నేను చచ్చిపోతాను."

"ముక్కుకి తొర్రలున్నాయి, చావవు. మా అవ్వ ఇంకా మాట్లాడాలి. మధ్యలో ఆపను."

"మీ అవ్వ ఏమిట్రా. నా అవ్వ. మొహం నా మీదే పట్టింది." అన్నాక గానీ ఏమన్నాడో తెలీలేదు కీర్తిధరుడికి. పొద్దున్న ఎవరి కడుపున పుట్టానని తెలిస్తే చచ్చిపోయేవాడో, ఆమెను కూడా ఇప్పుడు వాడికి పంచడానికి మనసు ఒప్పడం లేదు.

తరళ బురదలోకి దిగి వచ్చింది. పాదాలు తడిశాయి. లక్క మొహాన్ని చూసింది. పక్కన మైలారి ముక్కు చూసింది. "ఇది ఎవరి మూలం?"

"నాది," అన్నాడు కీర్తిధరుడు.

"మాది," అన్నాడు మైలారి.

సోమభూపతి తడబడుతూ వచ్చి కొడుకు ముందు ఆగాడు. చెయ్యి ఎత్తి, ఆ నల్లటి బుగ్గని తాకబోయి, భయపడి వెనక్కి తీసుకున్నాడు. కంఠీరవభట్టు రేవు మెట్ల మీదికి చేరి కేక పెట్టాడు. "అది రాక్షసి. యువరాజు ఒంట్లో దూరింది. కొట్టండి." విలుకాళ్ళు బాణాలు సంధించారు. వాళ్ళలో సగం మంది మైలారి దగ్గర యుద్ధం చేసినవాళ్ళే. ఎవరూ వదల్లేదు. ఎవరూ దించలేదు.

కీర్తిధరుడు పళ్ళు బిగించి పట్టుకున్నాడు. నోరు తెరిస్తే తను ఓడిపోతాడని తెలుసు. దవడలు నొప్పెట్టాయి. లక్క మరోసారి వేడెక్కింది. అతని నోరే, అతని గొంతు దాటి, రేవంతా వినిపించేలా మాట్లాడింది.

"సోమయ్యా, అలా చూస్తావేం. నువ్వు ఇన్నాళ్ళూ కూచున్న సింహాసనం మీద బంగారు రేకు ఒలిపించు. దాని కింద నా పుట్టి పీట ఉంటుంది. పట్టుకొచ్చి ఇక్కడ వెయ్యి, నీళ్ళు తగిలేలా. ముందు పెద్దోడు కూచుంటాడు. వాడు లేచాక ఈ చిన్నోడు కూచుంటాడు, వాడి పక్కనే నిలబడి వాడి మాట విన్నాకే కూచుంటాడు. ఓ దీవి పిల్లా, నీ దండ ఆ తర్వాత సంగతి, తొందరపడకు. ఆ మెట్ల మీద ఉన్న పాటగాణ్ణి ఇటు దింపండి. వాడికి నా పేరు తెలుసు. నా పేరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కణ్ణి కూడా మింగకుండా, రేవులో కూచున్న పెద్దోడి ఇంటివాళ్ళ పేర్లు కూడా కలిపి, ఈ జనం అందరి ముందూ పాడాలి. విల్లు పట్టుకున్నవాళ్ళు ముందు విల్లు దించండి. పొద్దు ఇంకా ఉంది. పీట తెండి."